నీళ్ల పని అక్కది

జనవరి 6, ఆదివారం

బామ్మకి అడుగున రెండు ఆకులు పసుపు తిరిగాయి. ముసలి ఆకులే. కంగారు పడాల్సిందేం లేదు.

అక్క ఫోన్ చేసింది. మూస్ జా ఊళ్లో మైనస్ ముప్పై ఒకటట. మెర్విన్ తనకి బొచ్చు బూట్లు కొన్నాడట. అరవై మూడేళ్ల వయసులో పెళ్లి చేసుకుని, చెట్టన్నది కనపడని మంచు మైదానంలోకి కాపురానికి వెళ్లిన మనిషి బూట్లు చూసుకుని మురిసిపోతోంది. "బామ్మెలా ఉందే?" అంది. "నవనవలాడుతోంది," అన్నాను.

ఫోన్ పెట్టేశాక కిందకి దిగి ఒక గ్లాసు నీళ్లు పోశాను.

జనవరి 8

ఇప్పుడు ఐదు ఆకులు. భూతద్దం పెట్టి చూశాను. పురుగు లేదు, మచ్చ లేదు. ఆకు మొత్తం సోలిపోయి కిందకి వేలాడుతోంది. దాహం వేసి ఉంటుంది. పోశాను.

ఈ నేలమాళిగలో ఒకప్పుడు అరవై గంజాయి మొక్కలుండేవి. అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటుండేది కాదు. ఇప్పుడు చట్టం ప్రకారం ఇంటికి నాలుగు. బామ్మ, బామ్మ కొమ్మ కోసి నాటిన మూడు పిల్లలు. 1991లో తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చుకున్న ఒక్క రెమ్మ నుంచి, కొమ్మకి కొమ్మ కోసి నాటుకుంటూ ఇంతదాకా వచ్చాం. ఈ వంశం ఇంకెక్కడా లేదు. అక్క ఎవ్వరికీ ఇవ్వనిచ్చేది కాదు.

కెనడాలో గంజాయి పెంచుకోవచ్చన్న చట్టం అక్టోబర్‌లో వచ్చింది. అదే నెలలో అక్క వెళ్లింది. పోలీసుల భయం పోయాక నాతో పని కూడా పోయినట్టుంది.

జనవరి 9

పోశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. కొంచెం కొంచెమే.

జనవరి 11

ఇరవై ఏడేళ్లూ నీళ్ల పని అక్కది, కత్తెర పని నాది. నా నడుముకి కుండీలు ఎత్తడం పడదు. అక్క చేతులకి కీళ్లనొప్పి, కత్తెర పట్టలేదు. అలా పంచుకున్నాం. వెళ్లే రోజు కారెక్కుతూ ఏమందీ? "నీళ్ల సంగతి నీకు తెలీదే లూషా, నీ వల్ల కాదు. ఎవరినైనా అడుగు." ఎవరిని అడగాలట? ఈ ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన మనిషి ఎవరున్నారని? అయినా నీళ్లు పొయ్యడానికి ఏమైనా పెద్ద చదువు కావాలా?

కంప్యూటర్‌లో పెంపకందార్ల గుంపు ఒకటుంది. ఫొటో పెట్టాను. ఐదు నిమిషాల్లో తొమ్మిది మంది డాక్టర్లు. 'ఆకుపచ్చ గొడ్డలి' అని పేరు పెట్టుకున్నవాడు అడిగాడు, పసుపు పైన మొదలైందా కిందనా అని. కిందనే అన్నాను. అయితే నత్రజని తక్కువైంది, తిండి పెట్టు అన్నాడు. ఇంకొకడు రోజుకెన్నిసార్లు నీళ్లు పోస్తున్నారు అన్నాడు. అవసరమైనప్పుడు అని రాశాను.

ఎరువు నీళ్లలో కలిపి నాలుగింటికీ ఒక్కో జగ్గు పోశాను. మనసు కాస్త కుదుటపడింది.

జనవరి 14

పైన చలి. పొయ్యి రగిలించి ఇల్లంతా వెచ్చబెట్టడం ఒక్క మనిషి కోసం దండగ. కింద మొక్కల కోసం పెట్టిన కరెంటు దీపాల వేడి ఎలాగూ ఉంది. కుర్చీ కిందకి తెచ్చుకున్నాను.

జనవరి 15

రేడియో కూడా.

జనవరి 18

ఆకుల ఈనెలు పచ్చగానే ఉన్నాయి, మధ్యలో పసుపు. అంటే మెగ్నీషియం తక్కువట. నెల్సన్ టౌను దాకా వెళ్లి ఎప్సం ఉప్పు తెచ్చాను. కొట్టువాడు మొహం చూసి "కాళ్ల నొప్పులా అమ్మా?" అన్నాడు. అవునన్నాను. చట్టం మారి మూడు నెలలైంది, నా నోరు మాత్రం ఇంకా మారలేదు. వెనకటికి దీపాలు కొనడానికి వెళ్తే టమాటాలకి అనేవాళ్లం. అరవై టమాటా మొక్కల ఇంటి నుంచి ఒక్క టమాటా బయటికి రాలేదని ఎవరూ అడగలేదు.

ఉప్పునీళ్లు పోశాను. పిల్లలకి కూడా.

జనవరి 20, ఆదివారం

"ఎలా ఉన్నాయే?" అంది అక్క. "పచ్చగా ఉన్నాయి." "నువ్వు?" "నేనూ పచ్చగానే ఉన్నాను." నవ్వింది. వెనక మెర్విన్ ఎవరితోనో పేకాట. వాళ్లింట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. తలుపుకి తాళం కూడా వెయ్యరట.

బామ్మకి పదిహేడు ఆకులు పోయాయి. పదిహేడూ వరసగా బల్ల మీద పేర్చాను. ఎందుకో తెలీదు.

జనవరి 22

చిన్న చిన్న నల్ల ఈగలు. మట్టి మీద నడుస్తున్నాయి, ముక్కులోకి వస్తున్నాయి. జిగురు అట్టలు కట్టాను. గుంపులో ఇప్పుడు నీళ్ల పులుపు, అదే పీహెచ్, గురించి కొట్టుకుంటున్నారు. ఒకడేమో మట్టిలో ఉప్పులు పేరుకున్నాయి, కుండీకి మూడింతల నీళ్లు పోసి కడిగెయ్యమన్నాడు.

పులుపు తగ్గించే మందు కలిపి కడిగాను. మధ్యాహ్నమంతా అదే పని. నేలంతా తుడిచి కూర్చునేసరికి ప్రాణం హాయిగా ఉంది. ఎవరికో పథ్యం పెట్టి పడుకోబెట్టినట్టు.

జనవరి 25

చిన్నది పడిపోయింది. కాండం మొదట్లో మెత్తబడి వాలిపోయింది. కుండీలోంచి బురదగుంట వాసన.

పాతికేళ్లలో అక్క చేతిలో ఒక్క పిల్ల పోలేదు. నా చేతిలో మూడు నెలలకే. మిగిలిన రెండూ బామ్మ దారిలోనే ఉన్నాయి. బామ్మ పోతే ఇక రెమ్మ కొయ్యడానికి కూడా ఏమీ ఉండదు. మా ఇద్దరి ఇరవై ఏడేళ్లకి గుర్తు ఇది ఒక్కటే. పిల్లలా, పెళ్లిళ్లా, ఫొటోలా? ఫొటోలు కూడా తీసుకోలేదు, వెనక ఏదైనా కనపడుతుందేమోనని.

దుప్పటి కిందకి తెచ్చాను. బామ్మని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు.

జనవరి 27, ఆదివారం

ఫోన్ మోగింది. కింద ఉన్నాను, పైకెళ్లేలోపు ఆగిపోయింది.

అబద్ధం. ఫోన్ నా ఒళ్లోనే ఉంది.

జనవరి 29

పోశాను.

జనవరి 31

పోశాను. ఇంకేం చెయ్యను దానికి? ఆకు తుడుస్తాను, రేడియోలో వార్తలు చెబుతాను, నీళ్లు పోస్తాను.

ఫిబ్రవరి 3, ఆదివారం

అక్క నుంచి మెసేజ్: "ఇప్పుడు ఎత్తకపోతే ఇంటికి పోలీసుల్ని పంపిస్తాను, బతికున్నావో లేదో చూడమని." ఇరవై ఏడేళ్లు పోలీసుకి భయపడి బతికిన మనిషి రాయాల్సిన మాటేనా ఇది! ఎత్తాను. చెప్పాను. అంతా కాదు, ఆకులు పసుపు తిరిగాయని చెప్పాను.

"వీడియో పెట్టు," అంది.

పెట్టాను. అక్క మొహం లావైంది, రంగొచ్చింది. బామ్మని చూపించాను. తను గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది.

"ఏమేం పెట్టావే దీనికి?"

ఎరువు, ఎప్సం ఉప్పు, పులుపు తగ్గించే మందు, కడగడం, అన్నీ వరసగా చెప్పాను. పరీక్షలో జవాబులు చెప్తున్నట్టు చెప్పాను, సిగ్గు లేకుండా.

"కుండీ ఎత్తు."

"నా నడుము..."

"ఎత్తొద్దులే. ఒక పక్కకి వంచు."

వంచబోయాను. కదిలితేగా. బండరాయిలా ఉంది.

"చూశావా? నేనెప్పుడైనా మట్టి మీద వేలు పెట్టి చూశానా? పొద్దునే ఒక్కోదాన్నీ ఎత్తి చూసేదాన్ని. తేలిగ్గా ఉంటేనే నీళ్లు. బరువుంటే దాని మానాన దాన్ని వదిలెయ్యడమే. దానికి ఆకలీ లేదు, రోగమూ లేదు. మునిగిపోతోంది. వేళ్లకి ఊపిరాడట్లేదే లూషా. ఆకలేసినా పసుపే, మునిగినా పసుపే. నువ్వేమో ఆకలనుకుని ఇంకా ముంచావు."

పక్కనున్న జగ్గుని కాలితో అవతలికి తోశాను.

"గది చూపించు," అంది.

"గదికేమైంది?"

"చూపించవే."

ఫోన్ నెమ్మదిగా తిప్పాను. అక్క చూసేదే నేనూ ఆ చిన్న తెరలో చూశాను. కుర్చీ. కుర్చీ మీద దుప్పటి, తలగడ. రేడియో. ఆరు టీ కప్పులు. గుడ్డు ఎండిపోయిన పళ్లెం. నా చెప్పులు. నా పళ్ల బ్రష్. బల్ల మీద వరసగా పేర్చిన పసుపు ఆకులు, లెక్కలేనన్ని.

అక్క ఫోన్‌కి దగ్గరగా జరిగింది. తర్వాత, "రోజుకెన్నిసార్లు దిగుతున్నావు, అని అడుగుదామనుకున్నాను. ఎన్నిసార్లు ఎక్కుతున్నావు అని అడగాలి," అంది.

"కట్టెలు ఆదా అవుతున్నాయి."

"లూషా."

"నిజంగానే."

"పది రోజులు దిగకు. దీపాలు వాటంతట అవే వెలుగుతాయి, ఆరతాయి. నువ్వు దిగితే చాలు, పోస్తావు. నీ చెయ్యి ఊరుకోదు. బామ్మ బతకాలంటే నువ్వు దాని దగ్గర ఉండకూడదు. అర్థమైందా?"

అర్థమైంది. తను ఇల్లు వదిలి వెళ్లింది. ఇప్పుడు నన్ను బామ్మని కూడా వదలమంటోంది.

ఫిబ్రవరి 4

దుప్పటి పైకి తెచ్చాను. పొయ్యి రగిలించాను. ఈ ఇల్లు ఇంత పెద్దదని మరిచిపోయాను.

ఫిబ్రవరి 5

ఏడు గంటలకి లేచాను. కాఫీ. మంచు తోసే బండి వెళ్లింది. మళ్లీ వచ్చింది. అంతే.

ఫిబ్రవరి 6

దిగాను. ఒక్క గ్లాసు. పిల్లలకి మాత్రమే. బామ్మకి పొయ్యలేదు.

బామ్మకి కూడా పోశాను.

ఫిబ్రవరి 7

అక్కకి నేనే ఫోన్ చేసి చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "తాళం వేసి, తాళంచెవి ఎవరికైనా ఇచ్చెయ్," అంది.

"ఎవరికిస్తాను? ఒక్క మనిషినైనా మిగుల్చుకున్నామా మనం?"

అటువైపు మెర్విన్ ఏదో అడిగాడు, వస్తున్నా అంది.

ఫిబ్రవరి 10, ఆదివారం

ప్రార్థన హాలుకి వెళ్లాను. ఎవరూ చావకుండా అక్కడికి వెళ్లి ఎన్నేళ్లైందో. చావులకి వెళ్తాం మేము. వెనక వరసలో నిలబడతాం, పాట అయిపోగానే, టీ పొయ్యకముందే వచ్చేస్తాం. బట్టలకి వాసన అంటి ఉంటుందని ఎవరి పక్కనా కూర్చునేవాళ్లం కాదు.

పాట అయ్యాక వంటింట్లో ఆడవాళ్లు పన్నెండు మంది, బోర్ష్ట్ సూప్ కోసం క్యాబేజీ తరుగుతున్నారు. పాలీ పిన్ని అందరిలోకీ పెద్ద, డెబ్బై నాలుగేళ్లు, మా రోడ్డు చివర ఇల్లు. పక్కకి పిలిచాను. రాలేదు. "చేతులు ఖాళీ లేవు, ఇక్కడే చెప్పు," అంది.

తాళంచెవి ముందు పెట్టాను. "ఇది నీ దగ్గర ఉంచు పిన్నీ. పది రోజులు. నేను కాళ్లావేళ్లా పడినా ఇవ్వొద్దు."

చేతులు తుడుచుకుని, తాళంచెవి తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది. "గంజాయి గదిదేనా?" అంది.

అందరూ విన్నారు. ఆ గొంతు అవతల ఏటిగట్టుకి కూడా వినపడి ఉంటుంది. చుట్టూ చూశాను. ఎవరూ తల కూడా ఎత్తలేదు. కత్తులు టకటకమంటూనే ఉన్నాయి. ఎవరో మాత్రం, "ఈ చలికాలం వాసన తగ్గింది కదూ," అంది. ఇంకొకామె, "అక్క నాస్త్యా వెళ్లిపోయిందిగా, ఇది ఒక్కతే ఎంతని చేస్తుంది," అంది.

పాలీ పిన్ని నా చేతిలో కత్తి పెట్టింది. "మరీ అంత సన్నగా వద్దు, కాస్త లావుగా తరుగు," అంది. తరిగాను. మూడు క్యాబేజీలు తరిగాను. ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి నవ్వాను. తర్వాత నవ్వు కాదు అది.

ఫిబ్రవరి 13

వాళ్లకి తెలుసు. ఎప్పటి నుంచి? పాలవాడికి తెలుసా? నేను నడిపిన బడిబస్సు ఎక్కిన పిల్లల తల్లిదండ్రులకి తెలుసా? తెలిసీ నా బస్సులో పిల్లల్ని పంపారా ఇన్నేళ్లూ?

ఫిబ్రవరి 15

తలుపు దగ్గర నిలబడి వచ్చాను. తాళం వేసే ఉంది.

ఫిబ్రవరి 17, ఆదివారం

హాలు. పిరాహీలు చేశాం, బంగాళదుంప కూరిన కజ్జికాయల్లాంటివి. నా మడతలు విచ్చుకుపోయాయి, నూనె కారింది. పాలీ పిన్ని అందరికీ ఎత్తి చూపించింది. "ఇరవై ఏడేళ్లు కత్తెర పట్టిన చెయ్యి, పిండి మడవలేదు చూడండి!" అందరూ నవ్వారు. నాకు కోపం రాలేదు.

ఫిబ్రవరి 20

పాలీ పిన్ని తాళంచెవి తీసుకుని తనే వచ్చింది. మా ఇంట్లోకి, మా వంటింట్లోకి. టీ పెట్టాను, చెర్రీ జామ్ ఇచ్చాను. మా ఇంట్లో అతిథికి కప్పు లేదు. అక్క కప్పు ఇచ్చాను.

"దిగుదాం పద," అంది. నాకంటే ముందు తనే దిగింది, చెయ్యి గోడకి ఆనించి, తన సొంత ఇల్లైనట్టు. నేను మెట్ల మీద ఆగిపోయాను. ఆ గదిలో మేమిద్దరం తప్ప మూడో మనిషిని చూడడం నా కళ్లకి అలవాటు లేదు.

ఒకటి చచ్చిపోయింది. ఒకటి చచ్చిపోతోంది. మూడోది ముందే పోయిందిగా. బామ్మ ఆకులన్నీ రాల్చేసుకుని కట్టెలా నిలబడి ఉంది. పాలీ పిన్ని రెండు చేతులా బామ్మ కుండీ పట్టుకుని చంటిపిల్లని లేపినట్టు లేపేసింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి!

"తేలిక," అంది. "ఇదిగో, ఇక్కడ చూడు."

కొమ్మ చివర రెండు చిగుళ్లు. గోరంత. పచ్చగా.

అక్క చెప్పినట్టే చెప్పాను, ఒకసారి అడుగు నుంచి కారేదాకా పొయ్యాలి, మళ్లీ తేలికయ్యేదాకా ముట్టకూడదు అని. పాలీ పిన్నే పోసింది. నేను జగ్గు అందించాను, అంతే. బామ్మ బతికింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. తను పట్టించుకోకుండా కారిన నీళ్లు తుడిచింది.

పైకొచ్చాక అడిగాను, "మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటి ఏడాది నుంచీ. గాలి దక్షిణం నుంచి వీస్తే రోడ్డంతా వాసనే కదే. ఈ లోయలో సగం ఇళ్లలో అదే పని. మీరేమో ఆ పాపం లోకంలో మీరొక్కరే చేస్తున్నట్టు తలుపులేసుకుని కూర్చున్నారు. మీ అక్కకి చెప్పాను కూడా."

"ఏం చెప్పావు?"

"తొంభై తొమ్మిదిలో. పోస్టాఫీసు ముందు ఆపి చెప్పాను. 'అందరికీ తెలుసు నాస్త్యా, మీ మీద నోరు విప్పేవాడు ఇక్కడ లేడు. చెల్లెల్ని కాస్త బయటికి రానివ్వు. వాల్టర్ ఎదురుచూసి ఎదురుచూసి ఎండిపోతున్నాడు,' అన్నాను."

"అక్క ఏమంది?"

"దానికి ఇష్టం లేదు, అంది. నీకు ఇష్టం లేదేమో అనుకున్నాను." టీ ఊదుకుంటూ అంది. నా మొహం చూశాక కప్పు కింద పెట్టింది. "నీకు చెప్పలేదా?"

వాల్టర్ పేరు నేను ఈ పుస్తకంలో కానీ, ఇంతకుముందు పుస్తకాల్లో కానీ ఎప్పుడూ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. బస్సుల మరమ్మతు షెడ్డులో పనిచేసేవాడు. చలికాలం పొద్దున్నే నేను రాకముందే నా బస్సు వెచ్చబెట్టి ఉంచేవాడు. అప్పుడు నాకు ముప్పై ఎనిమిది, అతనికి నలభై. "ఒక్కసారి మీ ఇంటికి టీకి పిలువు లూషా, తర్వాత సంగతి తర్వాత," అన్నాడు. అక్కకి చెప్పాను. "వాడు గడప తొక్కితే ఇద్దరం జైలుకే," అంది. వద్దన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ వద్దన్నాను. ఎందుకో చెప్పకుండా వద్దన్నాను. మరుసటి ఏడు క్యాసిల్‌గార్‌లో పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు మనవలట.

అతనికి కూడా తెలుసట. గంజాయి సంగతి తెలిసే అడిగాడట.

ఫిబ్రవరి 21

అక్కకి ఫోన్ చేశాను. "పాలీ పిన్ని నీకు తొంభై తొమ్మిదిలో చెప్పిందా, లేదా?"

పోస్టాఫీసు, వాల్టర్, ఏదీ గుర్తు చెయ్యాల్సిన అవసరం రాలేదు. వెంటనే అర్థమైంది తనకి. మర్చిపోలేదు ఎప్పుడూ.

"నువ్వు వెళ్లిపోతావని భయమేసిందే," అంది. "ఆ ఇంట్లో నేనొక్కదాన్నీ... ఎలా ఉంటాననుకున్నావు?"

ఫోన్ పెట్టేశాను.

ఎలా ఉంటారో నాకు తెలుసు. ఈ నాలుగు నెలలూ చూశాను.

ఫిబ్రవరి 22

ఏమీ రాయాలని లేదు. దిగలేదు.

ఫిబ్రవరి 24, ఆదివారం

హాలు నుంచి వచ్చేసరికి మోగుతోంది. ఎత్తలేదు. కోటు విప్పి, పొయ్యిలో కట్టె వేసి, కూర్చున్నాను. మళ్లీ మోగింది. ఎత్తాను.

తను హలో అనేలోపే నేను మొదలుపెట్టాను.

"వెళ్లిపోయేదాన్నే అక్కా," అన్నాను.

"తెలుసే."

"నువ్వు మాత్రం వెళ్లావు."

ఏడుస్తోంది. ముక్కు చీదడం వినపడుతూనే ఉంది. ఎప్పుడూ తను ఏడిస్తే నేనే ఊరుకోబెట్టేదాన్ని. ఇవాళ ఊరుకోబెట్టలేదు. నాకు తనమీద కోపంగా ఉంది, తను లేదని బెంగగా ఉంది. రెండూ ఒకేసారి ఎలా మోస్తారో తెలీడం లేదు.

"వచ్చే ఆదివారం చెయ్యనా?" అంది చివరికి, అడుక్కుంటున్నట్టు.

"బుధవారం చెయ్యి. కుండీలు ఎత్తి చూడ్డానికి పాలీ పిన్ని వస్తుంది. తను ఉండగా చెయ్యి. నాకు ఇష్టం లేదని ఎవరన్నారో తన ముందు చెప్పు."

మళ్లీ ముక్కు చీదింది.

"చెప్తాను," అంది.